అమెరికాలో ఇంటి పన్ను తగ్గించే ప్రభుత్వ సహాయాన్ని వెతుక్కునే పద్ధతి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్నవారు ఏటా వచ్చే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చూసి, ప్రభుత్వ గ్రాంటు ఏదైనా దొరుకుతుందేమోనని ఇంటర్నెట్‌లో వెతకడం మామూలే. 'గ్రాంటు' అన్న మాటతో వెతికితే మాత్రం మోసగాళ్లు ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. ఈ పన్నును వేసేది ఫెడరల్ ప్రభుత్వం కాదు. కౌంటీ (మన జిల్లా లాంటిది), నగరం, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) వంటి స్థానిక సంస్థలు. కనుక ఊరట కూడా వాటి నుంచో, రాష్ట్ర ప్రభుత్వం నుంచో రావాలి తప్ప, 'మీకు గ్రాంటు మంజూరైంది, ముందు రుసుము కట్టండి' అని ఫోన్ చేసేవారి నుంచి రాదు. ఇబ్బందుల్లో ఉన్న ఇంటి యజమానుల కోసం 2021లో ఫెడరల్ నిధులతో ఏర్పాటైన హోమ్‌ఓనర్ అసిస్టెన్స్ ఫండ్ ఇందుకు భిన్నమైనదే అయినా, చాలా రాష్ట్రాల్లో దాని దరఖాస్తులు ఇప్పటికే ముగిశాయి.

అందువల్ల వెతకవలసిన మాటలు వేరు: ఎగ్జెంప్షన్ (ఇంటి విలువలో కొంత భాగానికి పన్ను మినహాయింపు), రిబేట్ (కట్టిన పన్నులో కొంత తిరిగి రావడం), క్రెడిట్ (పన్నులో తగ్గింపు), ఫ్రీజ్ (పన్ను పెరగకుండా ఆపడం), డిఫరల్ (పన్ను చెల్లింపును వాయిదా వేయడం). బిల్లు మీద ఉన్న కౌంటీ పేరు చూసుకుని, ఆ కౌంటీలో ఇళ్ల విలువ నిర్ణయించే అసెసర్ లేదా అప్రైజల్ డిస్ట్రిక్ట్ అధికారిక వెబ్‌సైట్‌లో ముందుగా హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ కోసం చూడాలి. పేరు చూసి ఇదేదో పొలాలకు సంబంధించినదని అనుకోనక్కరలేదు. సొంతదారు స్వయంగా కాపురముంటున్న ఇంటి విలువలో కొంత భాగాన్ని పన్ను లెక్కలోంచి తీసేయడమే ఇది. టెక్సాస్‌లో 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన సవరణతో స్కూల్ పన్నుకు సంబంధించిన ఈ మినహాయింపు 1,40,000 డాలర్లకు పెరిగింది. ఉదాహరణకు 4,00,000 డాలర్ల ఇంటికి స్కూల్ పన్ను రేటు నూటికి ఒక డాలరు అనుకుంటే, పన్ను 4,000 నుంచి 2,600కు దిగుతుంది. అయితే దరఖాస్తు చేయనిదే ఇది రాదు. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు మీది చిరునామా ఇంటి చిరునామాతో సరిపోవాలి. ఫారం ఉచితం కాబట్టి, డబ్బు తీసుకుని దాఖలు చేస్తామంటూ వచ్చే ప్రైవేటు ఉత్తరాలను చెత్తబుట్టలో వేయవచ్చు.

నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. ఫ్లోరిడాలో గడువు మార్చి 1. పైగా శాశ్వత నివాసం నిరూపించుకోవాలి గనుక, తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి అక్కడ ఈ మినహాయింపు సాధారణంగా దక్కదు. కాలిఫోర్నియాలో మినహాయించే విలువ 7,000 డాలర్లే, అంటే ఏటా మిగిలేది సుమారు 70 డాలర్లే. అయినా ఒక్కసారి ఫారం నింపితే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వర్తిస్తుంది కాబట్టి వదులుకోవడం దండగ.

రెండో అడుగు రాష్ట్ర రెవెన్యూ శాఖ వెబ్‌సైట్. నిజానికి గ్రాంటు అనదగ్గవి ఇక్కడే కనిపిస్తాయి. న్యూజెర్సీలోని యాంకర్ పథకం ఆదాయాన్ని బట్టి ఇంటి యజమానులకు 1,500 డాలర్ల వరకు, వృద్ధులకు మరికొంత ఇస్తుంది; అద్దెకున్నవారికీ అందులో వాటా ఉంది. పెన్సిల్వేనియాలో తక్కువ ఆదాయమున్న వృద్ధులకు, వికలాంగులకు 1,000 డాలర్ల వరకు రిబేటు వస్తుంది. దానికి ఆదాయం లెక్కగట్టేటప్పుడు సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) మొత్తంలో సగాన్ని వదిలేస్తారు. పరిమితి దాటామని తొందరపడి తేల్చుకోకుండా ఆ లెక్క ఒకసారి వేసి చూడాలి. మిన్నెసోటాలో ఇలాంటి రిఫండ్‌కు ఆదాయపు పన్ను రిటర్నుతో సంబంధం లేని ప్రత్యేక ఫారం ఉంది, గడువు ఆగస్టు 15.

డిఫరల్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కాలిఫోర్నియా స్టేట్ కంట్రోలర్ కార్యాలయం అర్హులైన వృద్ధుల పన్నును తాను కట్టి, ఆ మొత్తాన్ని వడ్డీతో ఇంటి మీద లీన్‌గా (బాకీకి ఇంటిపై ఉండే హక్కుగా) నమోదు చేస్తుంది. అది సహాయమే గాని దానం కాదు. ఇల్లు అమ్మేటప్పుడు తీర్చవలసిన అప్పు.

సహాయమేదీ వర్తించకపోతే, ఇంటి విలువనే అసెసర్ ఎక్కువగా లెక్కగట్టారేమో చూసుకోవాలి. అసెసర్ రికార్డులో చదరపు అడుగులు, స్నానాల గదుల సంఖ్య తప్పుగా పడి ఉంటే, పోల్చదగిన ఇళ్ల అమ్మకాల వివరాలతో పాటు ఆ తప్పును కూడా అప్పీలులో చూపవచ్చు. టెక్సాస్‌లో ఇందుకు గడువు మే 15 లేదా ఇంటి విలువ తెలిపే నోటీసు పంపిన 30 రోజుల లోపు, ఏది తర్వాతైతే అది.

మినహాయింపు మంజూరయ్యాక, పన్ను ఎస్క్రో (నెల వాయిదాతో పాటే పన్ను సొమ్మును దాచే ఖాతా) ద్వారా పోతున్నవారు మంజూరు ఉత్తరం నకలును మార్ట్‌గేజ్ సర్వీసర్‌కు (ఇంటి రుణపు వాయిదాలు వసూలు చేసే సంస్థకు) పంపి, నెల వాయిదాను మళ్లీ లెక్కించమని రాతపూర్వకంగా అడగాలి.