కెనడాలో కొత్త ఇంట్లో దిగుతున్నారా, స్మార్ట్ థర్మోస్టాట్ కొనేముందు బేస్‌మెంట్‌లోకి వెళ్లి హెచ్‌ఆర్‌వీ చూడండి

మూడు వారాల సెలవుకి గుంటూరు వచ్చా, బ్రాడీపేటలో అమ్మ దగ్గరున్నా. మా పిన్ని కొడుకు కూడా భార్యతో పండక్కి వచ్చాడు, వాళ్లు తిరిగెళ్లగానే ఎడ్మంటన్‌లో కొత్త ఇంటి తాళాలు తీసుకుంటారు. నిన్న సాయంత్రం డాబా మీద కూర్చుని ఫోన్లో ఒక స్మార్ట్ థర్మోస్టాట్, అంటే ఇంట్లో వేడీ చల్లదనం నడిపే గోడ మీది పరికరం, దాని ఆఫర్ చూపించి "అక్కా ఈ థర్మోస్టాట్ కొనేయనా, ఇవాళొక్కరోజే తగ్గింపు" అన్నాడు. మీ ఇంట్లో హెచ్‌ఆర్‌వీ ఏ కంపెనీది రా అనడిగితే "అదేంటక్కా" అన్నాడు. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మన విజయవాడ గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ మొదటి ఇల్లు కొనుక్కునే వాళ్లలో చాలామందికి ఈ సంగతి చెప్పే మనిషి ఉండడు, నాకూ చెప్పలేదు.

ముందు బేస్‌మెంట్‌లో ఉండే ఆ హెచ్‌ఆర్‌వీ పెట్టె ఏంటో చెప్తా. ఇక్కడ మా అమ్మ వాళ్లింట్లో ప్రతి తలుపు మీద, కిటికీ మీద వెంటిలేటర్ ఉంది, పాతకాలం ఇల్లు కదా, పిచ్చుకలు గూడు కూడా పెట్టేవి. మనం ఏమీ చెయ్యకుండానే లోపలి గాలి బయటికి, బయటి గాలి లోపలికి వస్తూ పోతూ ఉంటుంది. అక్కడి కొత్త ఇల్లు అలా కాదు, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు గట్టిగా బిగించి కడతారు, చలికి వేడి బయటికి పోకూడదని. అందులో నలుగురు ఊపిరి పీల్చి, స్నానాలు చేసి, అన్నం పప్పు వండి, బట్టలు ఆరేస్తే ఆ తేమంతా ఎక్కడికీ పోదు. అందుకని హెచ్‌ఆర్‌వీ పెడతారు, అంటే హీట్ రికవరీ వెంటిలేటర్. బాత్రూముల్లోంచి, వంటింటి వైపు నుంచి పాత గాలిని లాగి బయటికి పంపుతుంది, అదే సమయంలో బయటి తాజా గాలిని లోపలికి తెస్తుంది, రెండు గాలులూ మధ్యలో ఒక కోర్ గుండా పక్కపక్కనే పోతాయి కానీ కలవవు, పోయే గాలి వేడి సగం పైనే వచ్చే గాలికి ఎక్కుతుంది. ఈఆర్‌వీ అని ఇంకోటి ఉంది, అది వేడితో పాటు కొంత తేమ కూడా అటూ ఇటూ మారుస్తుంది. మీ ఇంట్లో ఏది ఉందో పెట్టె మీద స్టిక్కర్ చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు థర్మోస్టాట్ సంగతి. షాపులో అన్నీ ఒకేలా ఉంటాయి, గుండ్రంగానో పలకగానో అందమైన స్క్రీన్, ఫోన్‌తో పనిచేస్తుంది అని రాసుంటుంది. కానీ ఫర్నేస్‌నీ (ఇల్లంతా వేడి గాలి పంపే యంత్రం) ఏసీనీ మాత్రమే నడిపేవి కొన్ని, వాటితో పాటు హెచ్‌ఆర్‌వీకి కూడా ఎప్పుడు తిరగాలో చెప్పగలిగేవి కొన్ని. తేడా వెనకాల వైర్లు పెట్టే చోట తెలుస్తుంది. టొరంటో కంపెనీ ఎకోబీ వాళ్ల ప్రీమియం మోడల్‌కి ఏసీసీ ప్లస్, ఏసీసీ మైనస్ అని రెండు టెర్మినల్స్ ఉంటాయి, అవి ఇలాంటి పరికరాల కోసమే. వాళ్లదే తక్కువ ధర ఎకోబీ3 లైట్‌కి అవి లేవు, బయటికి చూస్తే మాత్రం రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, మావాడు ఆఫర్లో చూసింది అదే. హనీవెల్ టీ10 ప్రోలో అయితే యూ అనే టెర్మినల్స్‌కి వెంటిలేషన్ కలపొచ్చు. అందుకని పేరు చూసి కాదు, ఆ మోడల్ ఇన్‌స్టలేషన్ మాన్యువల్ తెరిచి అందులో వెంటిలేటర్ అనో హెచ్‌ఆర్‌వీ అనో వైరింగ్ బొమ్మ ఉందా లేదా చూసి కొనండి. బొమ్మ లేకపోతే అది మీకు పనికిరాదు, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే.

ఇంకో చిక్కు ఉంది. ఎడ్మంటన్ లాంటి చోట ఫర్నేస్ పక్కనే గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫైయర్ కూడా ఉంటుంది చాలా ఇళ్లలో, దాన్నీ థర్మోస్టాటే నడపాలంటే చాలా మోడల్స్‌లో బయటి పరికరాలకి చోటు ఒక్కటే. అప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేనైతే హెచ్‌ఆర్‌వీనే థర్మోస్టాట్‌కి ఇచ్చి, హ్యూమిడిఫైయర్‌ని దాని సొంత గోడ మీది డయల్‌తో వదిలేస్తా, ఎందుకంటే డయల్ చలి బాగా మారినప్పుడు తిప్పితే చాలు, గాలి మాత్రం ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఏం వండుతున్నారు అనేదాన్ని బట్టి మారాలి.

ఇక అసలు జాగ్రత్త, దీన్ని దయచేసి రెండుసార్లు చదవండి. ఫర్నేస్ నుంచి థర్మోస్టాట్‌కి వచ్చేది 24 వోల్టుల కరెంటు. కానీ చాలా హెచ్‌ఆర్‌వీల కంట్రోల్ టెర్మినల్స్‌కి బయటి నుంచి ఏ కరెంటూ ఇవ్వకూడదు. వాటికి కావాల్సింది మన కాలింగ్ బెల్ స్విచ్ లాంటిది, రెండు వైర్లు తాకితే తిరుగుతుంది, విడిపోతే ఆగుతుంది, అంతే, దాన్నే డ్రై కాంటాక్ట్ అంటారు. అక్కడ పొరపాటున 24 వోల్టులు ఎక్కిస్తే లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది. అందుకే హెచ్‌ఆర్‌వీ మాన్యువల్ చూసి అది డ్రై కాంటాక్ట్ అడుగుతుందా, 24 వోల్టులు అడుగుతుందా అని ముందు తేల్చుకోవాలి. ఎకోబీలో అయితే సెటప్ చేసేటప్పుడు పరికరం ఒక వైరుదా రెండు వైర్లదా అని అడుగుతుంది, రెండు వైర్లు అని చెప్తే ఏసీసీ రెండు టెర్మినల్సూ ఉత్త స్విచ్‌లా పనిచేస్తాయి. మీ థర్మోస్టాట్ 24 వోల్టులు మాత్రమే ఇచ్చే రకం అయితే మధ్యలో చిన్న రిలే పెట్టించాలి, కరెంటు రిలేకి వెళ్తుంది, రిలే అవతల వైపు హెచ్‌ఆర్‌వీ వైర్లని కలుపుతుంది విడదీస్తుంది. ఇది తెలిసిన టెక్నీషియన్ చేతే చేయించండి, డబ్బులు పోయినా పర్లేదు.

సీ వైరు మాట కూడా చెప్పాలి. స్మార్ట్ థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు కావాలి, అందుకు సాధారణంగా సీ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, ఉండాలి. పాత థర్మోస్టాట్ ముందు పలక లాగితే ఊడి వస్తుంది, వెనక ఆర్, డబ్ల్యూ, వై, జీ, సీ అని అక్షరాలు, వాటికి రంగు వైర్లు కనిపిస్తాయి. ఏం పీకకముందే ఫోటో తీస్కోండి, వెలుతురు బాగా పడేలా, అక్షరాలు చదవగలిగేలా. రంగులని నమ్మొద్దు, అక్షరాన్నే నమ్మండి, ఎందుకంటే నీలం వైరు సీ లోనే ఉండాలని ఏం లేదు, పెట్టినవాడి చేతిలో ఏది ఉంటే అది పెట్టుంటాడు. వైర్లు ముట్టుకునే ముందు ఫర్నేస్ బ్రేకర్ ఆపేయండి. ఆపకుండా ఆర్, సీ వైర్లు ఒకదానికొకటి తగిలితే ఫర్నేస్ బోర్డు మీద చిన్న ఫ్యూజ్ పోతుంది, కార్లో వాడే రకమే, 3 ఆంప్స్‌దో 5 ఆంప్స్‌దో, ఊదా రంగుదైతే 3, లేత గోధుమ రంగుదైతే 5. మైనస్ 30లో రాత్రి పూట ఫర్నేస్ ఆగిపోయి ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ భయం మామూలుగా ఉండదు.

గోడ వెంట కింద బేస్‌బోర్డ్ హీటర్లు ఉన్న ఇల్లైతే ఈ మాటలేవీ వర్తించవు, అవి 240 వోల్టులవి, వాటికి వేరే థర్మోస్టాట్లు ఉంటాయి, మైసా, సినోపే లాంటివి. ఈ 24 వోల్టుల వాటిని అక్కడ అస్సలు పెట్టకూడదు.

నాకు జరిగింది చెప్తా. మేం ఇల్లు కొన్న మొదటి ఏడాది ఒక టెక్నీషియన్ వచ్చి పాతది తీసి కొత్త థర్మోస్టాట్ పెట్టాడు, గోడలో మిగిలిన రెండు వైర్లకి టోపీలు పెట్టి లోపలికి తోసేసి వెళ్లిపోయాడు. అవి హెచ్‌ఆర్‌వీ వైర్లు. చలికాలం అంతా అది తిరగలేదు, మాకు తెలీలేదు, వేడి వస్తోంది కదా అనుకున్నాం. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుండేవి, జనవరికి అంచుల్లో మంచు కట్టింది, పిల్లాడి గదిలో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు, అరచేతి వెడల్పు మచ్చలు. వాడి దగ్గు తగ్గనిది అందుకేనేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ టోపీలు తీసి వైర్లు కలిపాక వారంలో అద్దాలు ఆరిపోయాయి. అందుకే ఎవరైనా మీ ఇంట్లో థర్మోస్టాట్ మారిస్తే, వెళ్లేముందు హెచ్‌ఆర్‌వీ తిప్పి చూపించమని అడగండి, చెయ్యి పెట్టి ఆ పెట్టె అదురుతోందో లేదో చూడండి, బయట గోడకున్న హుడ్ దగ్గర గాలి వస్తోందో లేదో చూడండి, మొహమాటపడొద్దు.

ఎంతసేపు తిప్పాలి అంటే ఒక లెక్క ఉంది, అమెరికాలో వాడే ఆష్రే 62.2 అనే వెంటిలేషన్ ప్రమాణం ప్రకారం ఇంటి చదరపు అడుగులని 0.03తో గుణించి, బెడ్రూముల సంఖ్యకి ఒకటి కలిపి 7.5తో గుణించి, రెండూ కూడాలి. 2000 అడుగులు, మూడు బెడ్రూములు అయితే 60, 30, మొత్తం 90 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 90 ఘనపుటడుగుల గాలి. మీ హెచ్‌ఆర్‌వీ 120 ఇస్తుంటే గంటకి 45 నిమిషాలు తిరిగితే సరిపోతుంది. ఎకోబీలో గంటకి కనీసం ఎన్ని నిమిషాలు అని పెట్టే చోటుంది. కెనడా లెక్కలు కొంచెం వేరు, కానీ అందాజుకి ఇది చాలు. అయితే బయట మరీ చలిగా ఉన్నప్పుడు వచ్చే గాలి బాగా పొడిగా ఉంటుంది, అంతసేపు తిప్పితే పెదాలు పగిలి ముక్కులోంచి రక్తం వస్తుంది, అప్పుడు 20 నిమిషాలకి తగ్గించుకోండి. ఇంట్లో తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉంటే బావుంటుంది, మైనస్ 30కి పడితే ఇంకా తగ్గించాలి, లేకపోతే అద్దాల మీద మళ్లీ నీళ్లే.

చాలా ఇళ్ల బాత్రూముల్లో గోడకి హెచ్‌ఆర్‌వీని కాసేపు జోరుగా తిప్పే 20, 40, 60 నిమిషాల బటన్లు ఉంటాయి, వాటిని కొత్త థర్మోస్టాట్ పెట్టాక కూడా ఉంచండి, స్నానానికి వెళ్లేముందు నొక్కడం పిల్లలకి అలవాటు చేయండి. ఇంకోటి, చాలా ఇళ్లలో హెచ్‌ఆర్‌వీ తెచ్చే గాలి ఫర్నేస్ డక్ట్‌లోకే, అంటే దాని గాలి గొట్టంలోకే పోతుంది, ఫర్నేస్ ఫ్యాన్ తిరగకపోతే ఆ గాలి గదులదాకా రాదు. హెచ్‌ఆర్‌వీతో పాటు ఫ్యాన్ కూడా తిరిగే ఏర్పాటు థర్మోస్టాట్‌లో ఉందా, లేకపోతే హెచ్‌ఆర్‌వీ వైపు నుంచి ఫ్యాన్‌ని కూడా తిప్పే ఇంటర్‌లాక్ వైర్లు ఉన్నాయా అని అడగండి.

వంట గురించి మన వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తే ఆ ఘాటు హెచ్‌ఆర్‌వీ పని కాదు, దానికి పొయ్యి మీద బయటికి గాలి వదిలే హుడ్ ఉండాలి. కొన్ని హుడ్లు గాలిని మళ్లీ ఇంట్లోకే వదుల్తాయి, ఇల్లు చూసేటప్పుడే ఇది అడగండి. అమ్మా నాన్నా వస్తే వాళ్లకీ చెప్పిపెట్టండి, మా అత్తయ్య డెలివరీకి వచ్చినప్పుడు ఆ చప్పుడు విని "ఏంటమ్మా ఊరికే కరెంటు కాలుతోంది" అని రోజూ రాత్రి ఆపేసేవారు, ప్రేమతోనే, మా ఇంట్లో వెంటిలేటర్ అంటే ఇదే అత్తయ్యా అని చెప్పాక ఆవిడే రోజూ తిరుగుతోందా లేదా చూసేవారు.

అద్దె ఇల్లైతే ఓనర్‌ని అడగకుండా మార్చొద్దు, మార్చినా పాతది డబ్బాలో దాచండి. ఫిల్టర్లు మూడు నెలలకోసారి తీసి దుమ్ము దులిపి కడగండి, బయటి హుడ్‌కి మంచు పట్టి మూసుకుపోతే చేత్తో తుడవండి.

మా తమ్ముడు ఆఫర్ వదిలేశాడు. బిల్డర్‌కి మెసేజ్ పెట్టి హెచ్‌ఆర్‌వీ స్టిక్కరూ, వైర్లు పెట్టే పలకా ఫోటోలు అడిగాడు, అవి వచ్చాక మాన్యువల్ వెతికి ఏది కొనాలో ఇద్దరం కూర్చుని చూస్తాం.