ముహూర్తానికి ముందు కనుబొమ్మల టాటూ: ఏ పద్ధతి, ఎప్పుడు, ఏ జాగ్రత్తలతో

పెళ్లి పది రోజులుందనగా కనుబొమ్మలకు టాటూ వేయించుకోవడం కన్నా పెన్సిల్‌తో దిద్దుకోవడమే నయం. పదో రోజుకి పొక్కు ఒకచోట రాలి ఇంకోచోట అంటుకుని ఉంటుంది. దాన్ని ఏ మేకప్పూ కప్పలేదు, మానని చర్మం మీద మేకప్ వేయకూడదు కూడా. కాబట్టి ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మొదటి సిట్టింగ్‌కూ టచప్‌కూ మధ్య 6 నుంచి 8 వారాలు, టచప్ మానడానికి ఇంకో 4 వారాలు, అంటే దాదాపు 3 నెలలు. మాఘంలో పెళ్లయితే కార్తీకంలో మొదలుపెట్టాలి. చిక్కంతా శ్రావణ ముహూర్తాలవాళ్లకే. 3 నెలలు వెనక్కి వెళితే సరిగ్గా వైశాఖం, చెమట ఆగని రోజులు. వాళ్లు ఫాల్గుణంలోనే మొదటి సిట్టింగ్ ముగించుకోవడం మేలు.

అంత గడువు ఎందుకంటే, కుర్చీలోంచి లేచినప్పుడు అద్దంలో కనిపించేది అసలు ఫలితం కాదు. మొదటి 3 రోజులు రంగు బాగా ముదురుగా, కాస్త వాపుతో ఉంటుంది. నాలుగైదు రోజుల నుంచి పొలుసులు లేచి, 10 రోజులకు అటూ ఇటూగా రాలిపోతాయి. రెండు వారాలప్పుడు రంగంతా పోయిందనిపిస్తుంది. చాలామంది కంగారుపడేది అప్పుడే. నిజానికి రంగు ఎక్కడికీ పోలేదు, పైన కొత్తగా వచ్చిన చర్మం ఇంకా మసకగా ఉండి దాన్ని కప్పుతోంది. 4 నుంచి 6 వారాలకు అసలు రంగు తేలుతుంది. "నెల తిరక్కుండానే టచప్ చేసేస్తాం" అనేవాళ్లకు ఒప్పుకోవద్దు. సరిగా మానని చర్మంలో మళ్లీ సూది దింపితే మచ్చ పడుతుంది, ఎక్కడ రంగు నిలిచిందో తెలియక అవసరానికి మించి నింపేస్తారు.

పద్ధతి ఎంచుకోవాల్సింది ఫొటో చూసి కాదు, చర్మం చూసి

మైక్రోబ్లేడింగ్‌లో మెషీన్ ఉండదు. సన్నని సూదులు వరుసగా అమర్చిన బ్లేడును చేతి పిడికి బిగించి, వెంట్రుక లాంటి గీతలు ఒక్కొక్కటే గీసి, ఆ గాట్లలోకి రంగు దింపుతారు. కొత్తలో ఇంత సహజంగా కనిపించేది మరొకటి లేదు. అయితే పొడి చర్మం, మామూలు చర్మం ఉన్నవాళ్లకే ఇది నప్పుతుంది. జిడ్డు చర్మం, విచ్చుకున్న రంధ్రాలు ఉంటే గీతలు కొన్ని నెలల్లో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బూడిదరంగు పట్టీ మిగులుతుంది. సాధారణంగా ఏడాది, మహా అయితే ఏడాదిన్నర నిలుస్తుంది. అదే చోట మళ్లీ మళ్లీ గాట్లు పెట్టించుకుంటూ పోతే చర్మం గట్టిపడి, గీత నిలవడమే మానేస్తుంది. రెండుసార్లు అయ్యాక షేడింగ్‌కు, అంటే గీతలకు బదులు చుక్కలతో రంగు నింపే పద్ధతికి, మారడమే తెలివి.

పౌడర్ బ్రోస్ లేదా ఓంబ్రేలో మెషీన్ సూదితో చుక్క చుక్కగా రంగు పొడుస్తారు. ముక్కు వైపు పలుచగా, తోక వైపు చిక్కగా, పౌడర్ అద్దినట్టు కనిపిస్తుంది. కోత లేదు కాబట్టి చర్మానికి దెబ్బ తక్కువ, జిడ్డు చర్మం మీదా నిలుస్తుంది, 2 నుంచి 3 ఏళ్లు వస్తుంది. వెంట్రుకలు గీసినట్టే కావాలి, కానీ చర్మం బ్లేడుకు ఒప్పదు అనుకుంటే నానో బ్రోస్ అడగండి. మెషీన్‌కు ఒకే సన్నని సూది బిగించి గీతలు వేస్తారు. కాంబో అంటే ముందు భాగంలో గీతలు, మిగతా అంతా షేడింగ్.

ఉదయం ముఖం కడిగి, ఏమీ రాయకుండా 2 గంటలు ఆగి, కనుబొమ్మల మీదా నుదుటి మీదా టిష్యూ అద్దండి. జిడ్డు మరక పడితే మైక్రోబ్లేడింగ్ ఆలోచన వదిలేయండి. మన వేడికి, చెమటకు ఎక్కువమందికి పౌడరో కాంబోనో సరిపోతుంది. పార్లర్‌లో అప్పుడే చేసిన ఫొటోలు కాకుండా ఏడాది తర్వాతవి, మీలాంటి చర్మం ఉన్నవాళ్లవి చూపించమనండి.

రంగు విషయంలో "నల్లగా వేయండి" అనకండి. కార్బన్ నలుపు చర్మం లోతుకు దిగితే కాలం గడిచేకొద్దీ నీలిబూడిదగా తేలుతుంది. ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎర్రబారతాయి. చామనఛాయ చర్మానికి కాస్త వెచ్చదనం ఉన్న ముదురు గోధుమరంగు వెంట్రుకల నలుపులో బాగా కలిసిపోతుంది.

ఎవరు ఆగాలి, ఎవరు డాక్టర్‌ని అడగాలి

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడినవాళ్లు అది ఆపాక 6 నెలలైనా ఆగాలి. కీలాయిడ్ మచ్చలు (గాయం మానాక ఉబ్బుగా పెరిగేవి) వచ్చే ఒళ్లు, అదుపులో లేని షుగరు, సార్కాయిడోసిస్ (ఒంట్లో చిన్న చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్లకు ఇది తగదు. బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు సూది గుచ్చిన చోటే కొత్త మచ్చ రావచ్చు, చర్మవైద్యుల మాట లేకుండా వెళ్లొద్దు. రక్తం పలచబడే మందులను మీ అంతట మీరు ఆపకండి. ఆ మందు రాసిన డాక్టర్ వద్దంటే టాటూయే మానుకోండి.

రెటినాల్, గ్లైకాలిక్ క్రీములు 2 నుంచి 4 వారాల ముందు, కెమికల్ పీల్ 4 వారాల ముందు ఆపాలి. వారం ముందు నుంచి థ్రెడింగ్ వద్దు. సహజ వెంట్రుకలు ఉంటేనే ఆకారం సరిగా కుదురుతుంది. నొప్పి తెలియకుండా రాసే నంబింగ్ క్రీమ్‌నూ, టాటూకు వాడే రంగును (పిగ్మెంట్) కూడా చెవి వెనక రాసి 48 గంటలు చూడండి. ఏమీ రాకపోయినా ఎలర్జీ అసలే రాదని హామీ లేదు, కానీ వచ్చేవాళ్లలో కొందరు ఇక్కడే దొరికిపోతారు.

కుర్చీలో కూర్చున్నాక

బ్లేడు, సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి. దాని మీద స్టెరిలైజ్ చేసిన గుర్తు, లాట్ నంబరు, గడువు తేదీ ఉండాలి. డెట్టాల్ నీళ్లలో ముంచితే స్టెరిలైజ్ అయినట్టు కాదు. హెపటైటిస్ బి, సి వచ్చే దారి ఇదే. పిగ్మెంట్ చిక్కగా ఉందని కుళాయి నీళ్లు కలుపుతుంటే లేచి వచ్చేయండి. ఆ నీళ్లలో ఉండే ఒకరకం మైకోబాక్టీరియా వల్ల వారాల తర్వాత ఎర్రని గడ్డలు లేస్తాయి, మామూలు యాంటీబయాటిక్‌కు అవి లొంగవు.

ఆకారం మిమ్మల్ని నిటారుగా కూర్చోబెట్టి గీయాలి. పడుకుంటే ముఖం కండ జారి కొలత మారుతుంది. ముక్కు అంచు నుంచి నిలువుగా వెళితే కనుబొమ్మ మొదలు, నల్లగుడ్డు బయటి అంచు మీదుగా వెళితే వంపు, కంటి బయటి కొస మీదుగా వెళితే తోక. గీశాక ఒక ఫొటో తీసుకుని, నవ్వి ఒకసారి చూసుకుని, అప్పుడు సరేననండి. రెండు కనుబొమ్మలూ అచ్చంగా ఒకేలా ఎవరికీ ఉండవు, బలవంతంగా సమం చేయిస్తే ఒకటి పైకెగిరినట్టు కనిపిస్తుంది.

నంబింగ్ క్రీమ్ కంట్లోకి కారితే కార్నియా దెబ్బతినే ప్రమాదం ఉంది, వెంటనే ధారగా నీళ్లతో కడగాలి. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే, 4 శాతం మించి లిడోకైన్ (మొద్దుబార్చే మందు) ఉన్న క్రీముల గురించి 2024 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. లేబుల్ చదవకుండా రాయనివ్వొద్దు. చేస్తున్నంతసేపూ రక్తం బొట్లుగా కారుతోందంటే లోతుకు పోతున్నారని అర్థం. అంత లోతుకు దిగిన రంగే తర్వాత నీలమవుతుంది.

మొదటి 10 రోజులు, ఇంట్లో

మొదటి రోజు ఊరే నీటిని సెలైన్‌తో తడిపిన స్టెరైల్ గాజ్ గుడ్డతో (గాయాలకు వాడే పలుచని నూలు గుడ్డ) గంటా రెండు గంటలకోసారి అద్దండి, రుద్దొద్దు. అది ఎండి గడ్డకడితే మందపు పొక్కు కట్టి, రాలేటప్పుడు రంగునూ లాక్కుపోతుంది. ఆయింట్‌మెంట్ రెండు కనుబొమ్మలకూ కలిపి బియ్యపుగింజంత చాలు. ఎక్కువైతే చర్మం నాని రంగు నిలవదు.

మన ఇళ్లలో జరిగే పొరపాట్లు వేరే ఉంటాయి. గాయం కదా అని పసుపు అద్దుతారు, అద్దకండి. తలకు కొబ్బరినూనె పట్టిస్తే అది నుదుటి మీదికి కారుతుంది. జలుబుకు ఆవిరి పట్టడం, కుక్కర్ మూత తీసేటప్పుడు మొహం పెట్టడం, జిమ్ము, ఈత, పుష్కరిణి స్నానం ఏవీ వద్దు. తలంటు పోసుకోవాలంటే తల వెనక్కి వాల్చి, నీళ్లు ముఖం మీదికి రాకుండా పోయించుకోండి. కుంకుమ పొడి రాలి పుండులో పడుతుంది. స్టిక్కర్ అయితే కనుబొమ్మకు దూరంగా పెట్టండి. పొలుసు ఎంత దురద పెట్టినా గిల్లొద్దు. నలుగు పెట్టేటప్పుడు సున్నిపిండి కనుబొమ్మల మీద రుద్దనక్కర్లేదని ముందే అత్తయ్యలకు చెప్పి ఉంచండి. పూర్తిగా మానాక తలంబ్రాల పసుపు తగిలినా ఏమీ కాదు.

మూడో రోజు తర్వాత నొప్పి, ఎరుపు తగ్గాల్సింది పోయి పెరిగితే, చీము పట్టినా జ్వరం వచ్చినా పార్లర్‌కు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఆ తర్వాత

ఎండ రంగును తినేస్తుంది. మానాక రోజూ ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50 వరకు ఉన్న సన్‌స్క్రీన్ కనుబొమ్మల మీదా రాయండి. యాసిడ్ సీరమ్‌లు వాటికి తగలనివ్వకండి. మైక్రోబ్లేడింగ్‌కు ఏడాదికోసారి, పౌడర్‌కు ఏడాదిన్నర రెండేళ్లకోసారి రంగు నింపితే చాలు. ఎమ్మారై తీయించుకునేటప్పుడు టాటూ ఉందని చెప్పండి. ఐరన్ ఆక్సైడ్ వల్ల అరుదుగా మంట, వాపు వస్తాయి. మన దేశ రక్తదాన నియమాల ప్రకారం 12 నెలలు రక్తం ఇవ్వకూడదు.

ఆకారం నచ్చకపోతే పైన చర్మపు రంగు పిగ్మెంట్ వేసి కప్పడానికి మాత్రం ఒప్పుకోకండి. అందులోని టైటానియం డయాక్సైడ్ తర్వాత పసుపుపచ్చ మచ్చలా తేలుతుంది, లేజర్ తగిలితే నల్లబడుతుంది. తీసేయాలంటే సెలైన్ రిమూవల్ (ఉప్పునీటి ద్రావణాన్ని సూదితో దింపి రంగును బయటికి లాగడం) ఉంది, ఒక్కో సిట్టింగ్ మధ్య 8 వారాలు ఆగాలి. లేజర్ అయితే చర్మవైద్యుల దగ్గరే, తోక చివర చిన్న చుక్కపై ముందు పరీక్షించాకే చేయించాలి. ఇవన్నీ తేలాలంటే మీకు వేసిన పిగ్మెంట్ పేరు, లాట్ నంబరు కావాలి. చేయించుకున్న రోజే ఆ సీసా లేబుల్ ఫొటో తీసి పెట్టుకోండి.