మాథేరాన్‌ల మొదటిసారి గుర్రం ఎక్కేటోళ్లకు

మన నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ దిక్కు గుర్రం అంటే మనకు తెలిసింది రెండే, ఒకటి బరాత్‌ల నవర్‌దేవ్‌ను (పెండ్లికొడుకును) ఎక్కించుకొని డీజే సప్పుడుకు చెవులు రిక్కించి నిలబడే తెల్ల గుర్రం, ఇంకోటి మాలేగావ్ యాత్రల ఖండోబా దగ్గర అమ్మకానికి కట్టేసే గుర్రాలు. నాందేడ్‌ల సిక్కుల హోలా మహల్లా పండుగ చూసినోళ్లైతే నిహంగులు (సిక్కు యోధులు) గుర్రాల మీద దౌడు తీసేది కూడా చూసి ఉంటరు, అది చూసి వచ్చిన పోరగాళ్లే సుట్టీలల్ల ఎటన్న పోయినప్పుడు గుర్రం కనవడంగనే "తేజ్ భగావ్ భయ్యా" అంటరు, అసలు తంటా ఆడ మొదలైతది.

నేను చెప్పేది ఒక్కటే, మొదటిసారి ఎక్కేటోళ్లు ఉరికే గుర్రం కాదు నడిచే గుర్రం అడగండి, ఐదు నిమిషాల బీచ్ రౌండు కాదు కనీసం ఒక గంట, కుదిరితే రెండు గంటల రైడు తీసుకోండి, పక్కన మనిషి తాడు పట్టుకొని నడవాలె. ఐదు నిమిషాల రౌండుల ఫొటో వస్తది అంతే, ఒళ్లు బిగవట్టుడు పోయేలోపే దిగమంటరు. గంట అయితేనే నడుము వదులై గుర్రం నడకకు మన ఒళ్లు అలవాటైతది.

ఎక్కడికి పోవాలంటే నేనైతే మాథేరాన్ అంటా, ముంబై దగ్గరి కొండ మీది ఊరు. పంచ్‌గనిల టేబుల్ ల్యాండ్ కూడా మంచిదే, పైన అంతా చదును కాబట్టి భయపడేటోళ్లకు ఇంకా నయం, మహాబలేశ్వర్‌ల వెణ్ణా లేక్ ఒడ్డున కూడా తిప్పుతరు గని ఆడ జనం, బండ్లు, మక్క కంకులోళ్లు అందరూ ఒక్కతాన్నే ఉంటరు. మాథేరాన్‌ల మోటారు బండ్లు లోపలికి రానియ్యరు, అంబులెన్స్ లాంటివి తప్ప, ఈమధ్య కొన్ని ఈ-రిక్షాలు తిరుగుతున్నయి అంతే, కాబట్టి ఎనక నుంచి హారన్ కొట్టి గుర్రాన్ని బెదిరించేటోడు ఉండడు. ఎర్రమట్టి దారి, రెండు దిక్కులా చెట్లు, నీడ ఉంటది. కొత్తోళ్లకు ఇంతకన్నా ఏం కావాలె.

మన దిక్కు నుంచి పోవుడు కూడా అల్కనే. ధర్మాబాద్, ఉమ్రీ, నాందేడ్ నుంచి దేవగిరి, కిన్వట్ వైపోళ్లకు నందిగ్రామ్, రెండూ కల్యాణ్ మీదుగనే పోతయి, కల్యాణ్‌ల దిగి కర్జత్ లోకల్ ఎక్కితే నేరళ్ వస్తది. భివండిల చుట్టాలున్నోళ్లు (మన పద్మశాలోళ్లు మస్తుమంది ఉంటరు కదా ఆడ) ఒక రాత్రి వాళ్లింట్ల పండి పొద్దుగాల పోవచ్చు. నేరళ్ నుంచి పైకి 1907ల మొదలైన చిన్న రైలు ఉంది, రెండడుగుల గేజ్‌ది, అది దొరికితే అదృష్టం, లేకపోతే ట్యాక్సీల దస్తూరి నాకా దాకా పోవాలె, ఆడికే బండ్లు బంద్. దస్తూరి పక్కనే అమన్ లాడ్జ్ స్టేషన్ ఉంది, ఆడి నుంచి మాథేరాన్ బజారుకు షటిల్ రైలు నడుస్తది. వానకాలం నేరళ్ నుంచి పైకొచ్చే రైలు ఆపుతరు, షటిల్ మాత్రం నడుస్తది, అయినా వానకాలం గుర్రం ఎక్కుడు వద్దు, ఎర్రమట్టి జారుతది, పొగమంచుల లోయ ఎటుందో కూడా కనవడదు. దీపావళి తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా పోండి, శని, ఆదివారాలు మాత్రం వదిలేయండి, ముంబై అంతా ఆడనే ఉంటది.

దస్తూరిల దిగంగనే ఘోడేవాలాలు చుట్టుముడతరు, అప్పుడు తొందర పడొద్దు. బజారు దాకా గుర్రం మీద పోదాం, సామాను కూడా అదే మోస్తది అంటరు, నా మాట వినండి, సామాను కూలీకి ఇచ్చి మీరు షటిల్లనో నడిచో పోండి, రెండున్నర మూడు కిలోమీటర్ల కన్నా ఎక్కువ ఉండదు. రాత్రంతా రైలుల కూసొని వచ్చి, బ్యాగు భుజాన వేసుకొని, పిల్లను ఒళ్లె కూసోబెట్టుకొని గుర్రం ఎక్కుడు సరైన మొదలు కాదు. ఆ రోజు విశ్రాంతి తీసుకొని మర్నాడు పొద్దుగాల ఏడెనిమిదికి పోండి, గుర్రం కూడా అప్పుడే తాజాగ ఉంటది.

గుర్రాన్ని చూసుడు గురించి కొంచెం ఎక్కువ చెప్త, ఎందుకంటే సగం పని ఈడనే ఐపోతది. పైసలు మాట్లాడే ముందు గుర్రం చుట్టూ ఒకసారి తిరగండి, దూరం నుంచి, ఎనక కాళ్ల దగ్గరికి పోకుండ. పక్కటెముకలు, తుంటి బొక్కలు బయటికి పొడుచుకొస్తే వద్దు. జీను కింద గుడ్డ జర లేపి చూపియ్యమనండి, వీపు మీద పుండు ఉంటే వద్దు, అది మన బరువుకు నొచ్చుకొని ఎప్పుడన్నా ఎగురుతది, పాపం కూడా. పది అడుగులు నడిపియ్యమనండి, కుంటితే తల పైకీ కిందికీ ఊగుతది, ఎంబడే తెలిసిపోతది. చెవులు ఎనక్కి అంటుకపోయి ఉంటే కోపం మీద ఉన్నట్టు, అటూ ఇటూ మెల్లగ తిరుగుతుంటే శాంతంగ ఉన్నట్టు. ఇంకోటి, చిన్న పిల్ల గుర్రం ముద్దుగ ఉందని ఎక్కొద్దు, ఏండ్లకేండ్లు ఆ దారిల నడిచిన పెద్ద గుర్రమే మనకు గురువు. ఈడ గుర్రాలకు లైసెన్సు నంబర్ ఉంటది, అది ఒక ఫొటో తీసి పెట్టుకోండి, గుర్రపాయన ఏమీ అనుకోడు.

బరువు సంగతి మొహమాటం లేకుండ చెప్పాలె. గుర్రం తన బరువుల ఐదో వంతు దాకా మోస్తది, జీనుతో కలిపి, ఇది ప్రపంచమంతా పాటించే అందాజ. 300 కిలోల గుర్రమనుకుంటే మనిషి, జీను కలిపి 60 అన్నట్టు, అంటే మనల చాలామందికి ఆ చిన్న కొండ గుర్రం సరిపోదు, పెద్దది అడగాలె. దొరకకపోతే నడవండి, మాథేరాన్ అసలు నడిచి చూసే ఊరే. తల్లీ పిల్లా ఒకే గుర్రం మీద కూసునుడు అసలే వద్దు, బరువు ఒకటి, పడితే పెద్దోళ్లు పిల్ల మీదనే పడతరు. ఎండ గురించి కూడా, మోత పశువులకు 1965ల కేంద్రం పెట్టిన రూల్స్ ఉన్నయి, 37 డిగ్రీలు దాటే తావుల మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించొద్దు, ఎక్కడైనా వరసగా ఐదు గంటలు మించొద్దు. కాబట్టి మే నెలల మిట్టమధ్యాహ్నం "రండి సార్ రేటు తగ్గిస్తం" అన్నా పోవద్దు.

ఇక బేరం. దస్తూరి దగ్గర నగర పరిషద్ రేట్ల బోర్డు ఉంటది, ముందు అది చదవండి, తర్వాత నోరు తెరవండి. ఇన్ని పాయింట్లు (లోయ చూసే తావులు) అన్ని పాయింట్లు అని ప్యాకేజీ చెప్తరు, పాయింట్ల లెక్క ఎంత పెద్దగుంటే గుర్రాన్ని అంత ఉరికిస్తరు అని అర్థం. షార్లెట్ లేక్, ఎకో పాయింట్, లూయిసా పాయింట్ ఒకే దిక్కు ఉంటయి, మొదటిసారికి అవి చాలు. పైసలు ఒక్కో గుర్రానికా అందరికి కలిపా, పాయింట్ దగ్గర ఆగే టైం దాన్ల కలిసిందా లేదా, తాడు పట్టుకొని ఎవరు వస్తరు, ఇవి ముందే తేల్చుకోండి. చివరిదే ముఖ్యం, ఎందుకంటే ఒక్క పోరడు నాలుగు గుర్రాల ఎనక కట్టె పట్టుకొని అదిలించుకుంట వచ్చుడు గైడ్ అనిపించుకోదు. ఒక్కో కొత్తోడికి ఒక్కో మనిషి, తప్పదంటే ఇద్దరికి ఒకడు. మనకు మరాఠీ వస్తది కదా, అది వాడుకోండి, "దాదా, పహిల్యాందాచ్ బసతోయ్, హళూ చాలవా, పళవూ నకా" (అన్నా, మొదటిసారే ఎక్కుతున్న, మెల్లగ నడిపియ్యి, ఉరికియ్యకు) అని నవ్వుకుంట చెప్తే హిందీల గద్దించినదాని కన్నా బాగ పని చేస్తది.

బట్టలు అంటే జీన్స్ లాంటి మందం ప్యాంటు, సగం కాళ్లకు షార్ట్స్ వేసుకుంటే తొడలు, పిక్కలు ఒరుసుకపోతయి. చీర వద్దు, చున్నీ ఉంటే నడుముకు కట్టేసుకోండి. చెప్పులతో ఎక్కొద్దు, ముందలు మూసి ఉన్న, కొంచెం మడిమ ఉన్న బూట్లు కావాలె, మరీ వెడల్పు స్పోర్ట్స్ షూ అయితే రికాబుల (జీనుకు వేలాడే, పాదం పెట్టే కడియంల) ఇరుక్కుంటది, పడ్డప్పుడు కాలు ఇరుక్కొని ఈడ్చుకపోవుడే గుర్రం మీద అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. హెల్మెట్ ఇస్తే గడ్డం కింద పట్టీ పెట్టుకొని చూడండి, తల ఊపితే కదలొద్దు. ఇయ్యకపోతే ఇంటి నుంచి పిల్లల సైకిల్ హెల్మెట్లన్నా తీసుకపోండి, ఏమీ లేనిదాని కన్నా నయం, బండి హెల్మెట్ మాత్రం బరువు, పక్కలు కనవడవు, ఆయన చెప్పేది వినవడదు. నడుము డిస్కు నొప్పి, గర్భం, ఈమధ్య ఆపరేషన్, రక్తం పలచన చేసే గోలీలు, వీటిల ఏదున్నా ఎక్కొద్దు. టీటీ సూది ఎప్పుడు తీసుకున్నరో ఒకసారి గుర్తు చేసుకోండి, గుర్రం పేడ ఉన్న మట్టిల ధనుర్వాతం క్రిములు ఉంటయి.

ఎక్కేటప్పుడు ఎడమ పక్క నుంచే ఎక్కాలె, గుర్రాలకు అదే అలవాటు. ముందు భుజం దగ్గరికి పోయి మెడ మీద చెయ్యి పెట్టి మాట్లాడండి, సరిగ్గ ముక్కు ముందు, సరిగ్గ తోక ఎనక దానికి కనవడదు కాబట్టి ఆ రెండు తావులల్ల నిలబడొద్దు. పొట్ట కింద పట్టీ ఉంటది, వాళ్లు తంగ్ అంటరు, అది ఇంకోసారి బిగించమనండి, చాలా గుర్రాలు మొదట పొట్ట ఉబ్బిస్తయి, కాసేపైనంక పట్టీ వదులైతది. రికాబు పొడుగు కొలిచేదానికి చిట్కా ఉంది, వేళ్ల కొసలు జీను మీద రికాబు పట్టీ మొదట్ల పెట్టి రికాబును చంక దాకా లాగితే సరిపోవాలె. అరుగు గాని రాయి గాని ఉంటే దాని మీదికెక్కి ఎక్కండి, కింద నుంచి జీనుకు వేలాడితే గుర్రం వీపు గుంజుకపోతది. అవతలి రికాబును ఆయన కిందికి వత్తి పట్టుకుంటే జీను పక్కకు తిరగదు. ఎడమ చెయ్యితోటి కళ్లెం తాళ్లు, జూలు కలిపి పట్టుకొని, ఎడమ పాదం రికాబుల పెట్టి, బొటనవేలు దాని పొట్టకు పొడవకుండ, పైకి లేచి కుడి కాలు దాని వీపుకు తగలకుండ అటు వేసి మెల్లగ కూసోండి. బస్తా ఎత్తేసినట్టు దబ్బున కూలబడొద్దు.

కూసున్నంక పాదం ముందు భాగమే రికాబుల ఉండాలె, మడిమ కిందికి. చూపు దాని చెవుల మధ్య నుంచి ముందటి దారి మీద, కింద చూస్తే ఒళ్లు కిందికే వంగుతది. కళ్లెం తాళ్లు బిగవట్టొద్దు, అవతలి కొస దాని నోట్ల ఇనుముకు ఉంటది, మనం భయంతోటి గుంజితే దానికి నొప్పి పుట్టి తల ఎగరేస్తది, అది చూసి మనం ఇంకా గుంజుతం. భయమైతే ముందల ఇనుప పిడి ఉంటే అది, లేకపోతే జూలు పట్టుకోండి, జూలు పట్టుకుంటే దానికేం కాదు. ఆపాలంటే ఎనక్కి జర కూసొని గుంజి వదలాలె, గుంజి పట్టుకొనే ఉండుడు కాదు. గుర్రానికి గుర్రానికి నడుమ ఇంకో గుర్రం పట్టేంత జాగ వదలండి, ముందటిది తన్నితే మన కాలికే తగులుతది.

ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం ముందుకు వంగండి, దిగేటప్పుడు నిటారుగ, జర ఎనక్కి. మరీ నిట్టనిలువు దిగుడు వస్తే సిగ్గు పడకుండ దిగి నడవండి, గుర్రం కూడా మనసుల దండం పెడతది. మాథేరాన్ గుర్రాలకు లోయ అంచు మీద నడిచే బుద్ధి ఉంటది, మన గుండె జారుతది గని అది చూసుకొనే నడుస్తది, దాన్ని ఇటు గుంజే ప్రయత్నం మీరు చెయ్యొద్దు, ఆయనకు చెప్పండి. కోతులు దూకినా ప్లాస్టిక్ కవర్ ఎగిరినా అది బెదురుతది, అప్పుడు కేకలు పెట్టొద్దు, కాళ్లతోటి పొట్ట నొక్కొద్దు, నొక్కితే ఉరుకు అని అర్థం దానికి. లోతుగ కూసొని ఒక పక్క తాడు మాత్రమే మెల్లగ పక్కకు గుంజితే తల తిరిగి ఆగుతది. ఆయన మాట వినకుండ దుడకీ (ఎగురుకుంట ఉరికే నడక) ఎత్తిస్తే ఎగిరెగిరి పడతరు, అప్పుడు రికాబుల మీద కొంచెం లేచి జూలు పట్టుకోండి, "థాంబవా దాదా" (ఆపు అన్నా) అని గట్టిగనే అనండి, ఇది మొహమాటపడే టైం కాదు. సెల్ఫీలు మాత్రం దిగినంకనే, అంచు మీద గుర్రంతోటి ఫొటో అసలే వద్దు.

ఏదన్నా తినిపియ్యాలనిపిస్తే ఆయనను అడిగి, క్యారెట్ ముక్క చెయ్యి చదునుగ చాపి అరచేతిల పెట్టి ఇయ్యండి. వడాపావు, బిస్కెట్లు, చాక్లెట్లు వద్దు, గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది పడకపోతే కడుపునొప్పితోటి ప్రాణం మీదికొస్తది.

దిగేటప్పుడు రెండు పాదాలూ ముందే రికాబుల నుంచి తీసేసి, ముందుకు వంగి కుడి కాలు ఇటు తెచ్చి, కడుపు జీనుకు ఆనించి జారి, మోకాళ్లు వంచి నేల మీద దిగండి. కాళ్లు వణుకుతయి, ఒక నిమిషం జీను పట్టుకొని నిలబడండి. బాగ నడిపించిన ఆయనకు అనుకున్నదానికి మీద కొంచెం చేతిల పెట్టండి, ఆయన అంతా నడిచే వచ్చిండు కదా. తొడలకు కొబ్బరినూనె రాసుకొని గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే కొంత నయం, అయినా అసలు నొప్పి మర్నాడే తెలుస్తది, కాబట్టి తిరుగు రైలుల అప్పర్ బెర్త్ వచ్చి ఉంటే ముందే ఎవరినన్న అడిగి కింద బెర్త్‌కు మార్చుకోండి.