కన్నవారింటికి చేరిన తరువాత: పిల్లలతో విడిగా బతకదలచిన తల్లికి

హింసించే భర్తను విడిచి పిల్లలతో కన్నవారింటికి చేరిన స్త్రీని ఊరు మొట్టమొదట అడిగేది ‘విడాకులు తీసుకుంటావా, మళ్ళీ వెళ్తావా’ అనే. మొదటి ఏడాదిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తీరవలసిన అవసరం లేదు. విడాకులు లేకుండానే భరణం, రక్షణ ఉత్తర్వు, పిల్లల సంరక్షణ కోరవచ్చు. అంతకన్నా ముందు జరగవలసినది, మీరూ మీ పిల్లలూ కలిసి ఒక వేరు కుటుంబమని ఆధార్‌లో, బ్యాంకులో, సచివాలయంలో, బడిలో నమోదు కావడం. రేషన్ బియ్యం మొదలుకొని పిల్లల చదువు వరకు అన్నీ ఆ నమోదు మీదే ఆధారపడతాయి గనుక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని ఆ పనులను ఏ వరుసలో చేసుకుంటే మంచిదో ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ప్రాణభద్రత చూసుకోవాలి. ఇల్లు విడిచిన తరువాతి కొద్ది వారాలలోనే ప్రమాదం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల సామాను కోసమో, పిల్లల పుస్తకాల కోసమో ఒంటరిగా అత్తవారింటికి వెళ్ళకూడదు; పోలీసుల ద్వారా గాని, గృహహింస కేసులు చూసే ప్రభుత్వ రక్షణాధికారి ద్వారా గాని తెప్పించుకోవాలి. ఆపదలో 112కు, ఆశ్రయానికీ సలహాకూ 181కు ఫోన్ చేయవచ్చు. జిల్లా కేంద్రంలోని ‘సఖి’ వన్ స్టాప్ సెంటర్‌లో చిన్నపిల్లలతో సహా ఐదు రోజుల వరకు తలదాచుకునే వీలుంది. వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా అక్కడి నుంచే అందుతాయి. దెబ్బలు ఉంటే అవి మానకముందే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, ఎవరు కొట్టారో, దేనితో కొట్టారో వైద్యునికి స్పష్టంగా చెప్పి రాయించుకోవాలి. సిగ్గుపడి ‘మెట్ల మీద జారిపడ్డాను’ అని చెప్పిన మాట ఆసుపత్రి చీటీలో అలాగే ఉండిపోయి, రేపు కోర్టులో ఎదుటి వకీలుకు ఆయుధమవుతుంది.

తరువాత వచ్చేది పెద్దమనుషుల పంచాయితీ. ‘పిల్లల ముకం సూసయినా సర్దుకో అమ్మా’ అనే మాటను మన పల్లెల్లో వినని ఆడపిల్ల ఉండదు. అన్నవారందరూ చెడ్డవారు కారు; చాలామంది నిజంగానే మేలు చేస్తున్నామనుకుంటారు. అయితే అక్కడ రాసే ఒప్పంద పత్రానికి కోర్టు ఉత్తర్వుకు ఉన్న బలం లేదు. కొంత డబ్బు ఇప్పించి ‘ఇకపై ఎటువంటి హక్కూ కోరను’ అని రాయించుకునే పద్ధతి కూడా ఉంది. తెల్లకాగితం మీద గాని, చదివి అర్థం చేసుకోని కాగితం మీద గాని సంతకమూ వేలిముద్రా వేయకండి. రాజీకి మీకే ఇష్టమైతే దానిని లోక్ అదాలత్‌లో నమోదు చేయించుకోవాలి. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ఇక కాగితాల సంగతి. చాలా కుటుంబాలలో భార్య ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు భర్తదే అయి ఉంటుంది. అంటే మీరు ఎక్కడ ఏ దరఖాస్తు పెట్టినా ఓటీపీ అతని ఫోన్‌కు వెళుతుంది. మీరు ఏ పనిలో ఉన్నారో అతనికి తెలిసిపోతుంది, పని ఆగిపోతుంది కూడా. కాబట్టి మొదటి పని మీ పేరు మీద కొత్త సిమ్ తీసుకుని ఆధార్ కేంద్రంలో ఆ నంబరు ఎక్కించుకోవడం. ఫోన్ నంబరు మార్చడానికి వేరే ధ్రువపత్రాలేవీ అవసరం లేదు, మీ వేలిముద్రలు చాలు. పిల్లల ఆధార్‌లలో ఉన్న నంబరును కూడా అప్పుడే చూపించుకుని మార్పించుకోవాలి. ఆ వెంటనే భర్తతో సంబంధం లేని వేరే బ్యాంకులో గాని, పోస్టాఫీసులో గాని మీ ఒక్కరి పేరున ఖాతా తెరిచి, దానిని ఆధార్‌తో జతచేయించాలి. ప్రభుత్వ పథకాల సొమ్ము ఎక్కువగా ఆధార్‌కు జతపడిన ఖాతాకే వచ్చి పడుతుంది గనుక ఈ జతచేయడం జరిగిందో లేదో బ్యాంకులో అడిగి నిర్ధారించుకోవడం అవసరం. పాత ఫోన్‌నే వాడుతున్నట్లయితే వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి తెలియని పరికరాలను తొలగించండి. గూగుల్ ఖాతా పాస్‌వర్డు మార్చి, లొకేషన్ షేరింగ్ ఆపండి. బెదిరింపు సందేశాలను మాత్రం చెరపవద్దు, ఆ ఫోన్‌ను అమ్మవద్దు.

తరువాతి మెట్టు గ్రామ లేదా వార్డు సచివాలయం. అక్కడి రికార్డులో మీరు ఇంకా అత్తవారి కుటుంబంలోనే ఉంటారు. ఈ ‘హౌస్‌హోల్డ్ మ్యాపింగ్’ విడిపోనంత కాలం బియ్యం కార్డు వేరు కాదు. భర్త కుటుంబానికి ఉన్న ఆస్తి, కరెంటు వాడకం, వాహనం కూడా మీ ఖాతాలోకే లెక్కకు వచ్చి అర్హత పోవచ్చు. కౌంటరులో చాలాసార్లు వినిపించే మాట ‘విడాకుల కాగితం తెండి’ అని. ఆ మాట విని వెనక్కి రాకుండా, కోర్టు కేసు నంబరు, మధ్యంతర ఉత్తర్వు ఉంటే దాని నకలు, పిల్లలు ఇప్పుడు చదువుతున్న బడి ఇచ్చిన పత్రం జతచేసి లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అంటే మనవాళ్ళు ఇప్పటికీ ‘గ్రీవెన్స్’ అని పిలిచే దానిలో, అదే అర్జీ నకలును ఇవ్వాలి. చదువుకునే పిల్లల తల్లులకిచ్చే ‘తల్లికి వందనం’ పథకం కింద 2025లో ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు మంజూరు చేసి, అందులో 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఎన్టీఆర్ భరోసా కింద ఒంటరి మహిళల పింఛను నెలకు 4,000 రూపాయలు. దీనికి వయసు, విడిగా ఉన్న కాలం వంటి షరతులు ఉన్నాయి గనుక సచివాలయంలోని సంక్షేమ సహాయకుణ్ణి అడిగి దరఖాస్తు చేయాలి. 2022లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. పాత ధ్రువపత్రాలలో జిల్లా పేరు వేరుగా ఉంటే దరఖాస్తుకు ముందే ఆ విషయం చెప్పడం మేలు.

ఎవరూ ముందుగా హెచ్చరించని విషయం డ్వాక్రా అప్పు. అత్తవారి ఊరి సంఘంలో మీ పేరున తీసుకున్న రుణాన్ని భర్త వాడుకున్నా, కంతులు మీ పేరు మీదే నడుస్తాయి. మీరు ఊరు విడిచారని కంతు ఆగిపోతే సంఘంలోని మిగతా అక్కచెల్లెళ్ళ మీద భారం పడుతుంది, కన్నవారి ఊరిలో కొత్త సంఘంలో చేరడానికీ అది అడ్డవుతుంది. సంఘం లీడరుతోనూ, డ్వాక్రా సంఘాలను చూసే వెలుగు కార్యాలయంలోనూ మాట్లాడి బాకీ ఎంత ఉందో రాయించుకుని, ఆ లెక్కను కోర్టులో వేసే భరణం అర్జీలో చూపించండి. మీ బంగారం తాకట్టులో ఉంటే ఏ బ్యాంకులో, ఎవరి పేరున ఉందో తెలుసుకోండి. పుట్టింటివారు పెట్టిన నగలు, సారె సామాను మీ స్త్రీధనం. వాటి జాబితా, పెళ్ళి ఫొటోలు, దొరికిన రసీదులు ఒకచోట భద్రపరచండి.

న్యాయపరంగా మీకు అన్నిటికన్నా ఉపయోగపడేది 2005 నాటి గృహహింస నిరోధక చట్టం. రక్షణ, నివాసం, ఖర్చులు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం అన్నింటినీ ఒకే అర్జీతో మేజిస్ట్రేటును కోరవచ్చు. మన జిల్లాల వారికి ఇందులో ముఖ్యమైన వెసులుబాటు ఒకటి ఉంది. భర్తతో హైదరాబాదుకో, చెన్నైకో వలసవెళ్ళి భవన నిర్మాణ పనుల దగ్గర కాపురం పెట్టినవారు ఇక్కడ ఎక్కువ. హింస అక్కడ జరిగినా, ఇప్పుడు మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టులోనే ఈ అర్జీ వేయవచ్చు. అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణాధికారిని కలిస్తే, జరిగిన హింస మీద నివేదిక తయారుచేసి కోర్టుకు పంపుతారు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. క్రూరత్వానికి సంబంధించిన క్రిమినల్ కేసు, అంటే పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 498-ఎ సెక్షన్ కేసు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ కింద నమోదవుతోంది. వకీలు ఖర్చు గురించి బెంగపడనక్కరలేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోన్ నంబరు 15100.

భరణం అర్జీని ఆలస్యం చేయకండి. దరఖాస్తు చేసిన తేదీ నుంచే భరణం లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది; అందువల్ల పంచాయితీల కోసం ఎదురుచూసిన ప్రతి నెలా మీరు పోగొట్టుకున్న నెలే. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు తెలుపుతూ అఫిడవిట్ వేయాలి. భర్త ‘నాకు పనే లేదు’ అని రాసే అవకాశం ఉంది కాబట్టి, అతను ఏ మేస్త్రి దగ్గర పనిచేస్తాడు, బండికి ఎంత కిస్తీ కడతాడు, ఫోన్‌పేలో డబ్బు ఎవరి నుంచి వస్తుంది అనేవి గుర్తున్నంతవరకు రాసి వకీలుకు ఇవ్వాలి.

పిల్లల బడి ఆగకూడదు. పాత బడి టీసీ ఇవ్వడం ఆలస్యమైందన్న కారణంతో ఎనిమిదో తరగతి వరకు చేర్చుకోవడానికి నిరాకరించడం విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. చేర్చేటప్పుడే ప్రధానోపాధ్యాయుణ్ణి విడిగా కలిసి, బిడ్డను ఎవరెవరితో పంపవచ్చో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆరో తరగతికి వచ్చిన ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయం మంచి ఆసరా, అయితే ఇప్పుడే ఇల్లు మారిన పిల్లను వెంటనే హాస్టలుకు పంపితే తనను కూడా వదిలించుకున్నారనుకునే ప్రమాదం ఉంది. ఒక ఏడాది దగ్గర ఉంచుకోగలిగితే ఉంచుకోండి. తక్కువ ఆదాయంతో పిల్లలను ఒంటరిగా పెంచుతున్న తల్లులకు మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి.

పిల్లలతో ఏం చెప్పాలన్నది కాగితాలకన్నా కష్టం. ‘నాన్న ఊరెళ్ళాడు’ అన్న అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు. ‘నాన్న కొట్టడం తప్పు, అందుకే మనం వేరే ఉంటున్నాం, ఇందులో నీ తప్పేమీ లేదు’ అని ఆ వయసుకు తగినట్టు చెప్పి, అడిగినప్పుడల్లా అదే మాట చెప్పండి. పక్క తడపడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడడం, తమ్ముణ్ణి కొట్టడం వంటివి కొంతకాలం కనిపించవచ్చు, వాటికి తిట్టకండి. తగ్గకపోతే గాని, మీకే నిద్రపట్టక బతుకు మీద ఆశ సన్నగిల్లుతుంటే గాని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

సంపాదన విషయంలో ‘ముందు కుట్టుమిషన్ కొనుక్కో’ అనే సలహాను నేను అంతగా నమ్మను. ఊరిలో ఇప్పటికే కుట్టేవారు ఉన్నచోట అది చేతిఖర్చుకే సరిపోతుంది. పొందూరు రాట్నం సంగతీ అంతే, పేరు గొప్పది గాని ఇల్లు నడిపేంత కూలి రాదు. మొదటి ఆరు నెలలు వారం వారం చేతికి డబ్బు వచ్చే పని చూసుకోవడం మంచిది. పలాస వైపు ఉన్నవారికి జీడి కార్ఖానాలలో ఆడవారికి పని దొరుకుతుంది, కాని పిక్క నూనెకు చేతి తోలు ఊడుతుంది. పప్పు పొట్టు తీసే పని, గ్రేడింగ్ పని అడిగి తీసుకోండి. ఉపాధి పనికి కన్నవారి ఊరిలో మీ పేరున వేరే జాబ్ కార్డు పెట్టించుకోండి. కాస్త కుదుటపడ్డాక, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో భోజన వసతితో ఇచ్చే ఉచిత శిక్షణకు వెళ్ళవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం గనుక, పట్టణంలో పని, పల్లెలో నివాసం అనే పద్ధతి ఇప్పుడు సాధ్యమే.

కన్నవారింట్లో ఉంటున్నప్పుడు ఖర్చులో మీ వంతు మొదటి నెల నుంచే, ఎంత కొద్దిదైనా, వదిన చేతికే ఇవ్వండి. అమ్మ చేతికి రహస్యంగా ఇచ్చిన డబ్బు ఆ ఇంట్లో లెక్కకు రాదు. తండ్రి ఆస్తిలో కూతురికి వాటా ఉందన్నది నిజమే, కాని ఆశ్రయం కావలసిన ఈ రోజుల్లోనే ఆ మాట ఎత్తాలా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే నిర్ణయించుకోవాలి.

కొన్ని నెలల తరువాత భర్త తాగుడు మానేశానని, మారానని కబురు పంపవచ్చు. వెళ్ళాలో వద్దో మీ ఇష్టం. వెళ్ళినా కేసును ఉపసంహరించుకోకండి. రక్షణ ఉత్తర్వును అలాగే ఉంచి, పిల్లల బడిని మార్చకుండా, మీ సిమ్, మీ బ్యాంకు ఖాతా, బియ్యం కార్డు మీ దగ్గరే పెట్టుకుని వెళ్ళండి. పిల్లలను చూడడానికి మాత్రమే వస్తానంటే ఇంటికి కాకుండా, కోర్టు చెప్పిన చోటుకు, చెప్పిన సమయానికి రమ్మనాలి.