విస్కాన్సిన్‌లో టైగర్ మస్కీ వేటకు ఇంటిల్లిపాదీ వెళ్తున్నారా? ఫిషింగ్ లైసెన్సు ఇలా తీసుకోండి

టైగర్ మస్కీ అనే చేప కోసం అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈగిల్ రివర్, మినోక్వా ఊళ్ల వైపు సరస్సులకు ఈ వేసవిలో పిల్లలతో వెళ్లాలనుకుంటే, కారులో సామాను సర్దకముందే ఒక పని పూర్తి చేయండి. 16 ఏళ్లు నిండి, గాలం వేయబోయే ప్రతి ఒక్కరికీ విస్కాన్సిన్ ఫిషింగ్ లైసెన్సు తీసుకోండి. ఇంట్లో కూర్చుని తీసుకుంటే కాసేపటి పని. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే ఇబ్బంది పడతారు.

మేం అలాగే పడ్డాం. మా ఇద్దరి లైసెన్సు ఉంది కదా, షికాగో నుంచి వచ్చిన బావగారికి కూడా అదే సరిపోతుందనుకున్నాం. పడవ దింపే చోట బోర్డు చదివాక ఆయన గాలం పక్కన పెట్టేశారు. మధ్యాహ్నం దాకా ఒడ్డున కూర్చుని పిల్లల గాలాల చిక్కులు విప్పుతూ గడిపారు. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. చివరికి కారులో మెయిన్ రోడ్డు దాకా వెళ్లి, ఫోన్‌లో ఒక్కరోజు లైసెన్సు కొనుక్కొచ్చారు. అంత దూరం వచ్చిన మనిషిని సగం రోజు ఖాళీగా కూర్చోబెట్టామన్న బాధ నాకింకా ఉంది.

లైసెన్సులు ఇచ్చేది ఆ రాష్ట్ర సహజ వనరుల శాఖ. అందరూ డీఎన్ఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో దాని సర్వీసు పేరు గో వైల్డ్. మొదటిసారి అయితే అకౌంట్ తెరవాలి. పుట్టిన తేదీ, అడ్రసు, సోషల్ సెక్యూరిటీ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర పెట్టుకుని కూర్చోండి. పేరు డ్రైవింగ్ లైసెన్సు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల ఇక్కడే తికమక వస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది 'రెసిడెంట్' అన్న ప్రశ్న దగ్గర. దరఖాస్తుకు ముందు వరుసగా 30 రోజులు మీ స్థిర నివాసం విస్కాన్సిన్‌లో ఉంటే మీరు రెసిడెంటే. డ్రైవింగ్ లైసెన్సు ఎక్కడ తీసుకున్నారు, ఆదాయపు పన్ను ఎక్కడ కడుతున్నారు అన్నవి దానికి ఆనవాళ్లు. ఇక్కడ ఇల్లో స్థలమో కొన్నంత మాత్రాన సరిపోదు. షికాగో, మినియాపోలిస్ వైపు నుంచి వచ్చేవాళ్లు నాన్-రెసిడెంట్ కిందే తీసుకోవాలి, రుసుము ఎక్కువ ఉంటుంది. ఒక రోజు, 4 రోజులు, 15 రోజుల లైసెన్సులు కూడా ఉన్నాయి. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకూ ఇవే. వాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు కాబట్టి, పాస్‌పోర్టుతో డీఎన్ఆర్ సేవా కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్లడం మేలు.

రెసిడెంట్లకు ఏడాది లైసెన్సు 20 డాలర్లు, భార్యాభర్తలిద్దరికీ కలిపి తీసుకుంటే 31. అయితే తొందరపడి 31 డాలర్లది కొనేయకండి. మొదటిసారి కొనే రెసిడెంట్‌కు 5 డాలర్లే. గత పదేళ్లలో కొననివాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇద్దరికీ ఇదే మొదటిసారైతే విడివిడిగా 10 డాలర్లతో పోతుంది. డబ్బు కట్టేముందు స్క్రీన్ మీద చూపించే మొత్తం సరిచూసుకోండి. ట్రౌట్ చేపల కోసం అదనంగా కొనే ట్రౌట్ స్టాంపు మస్కీకి అక్కర్లేదు.

లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు చెల్లుతుంది. మార్చిలో కొనేవాళ్లు ఏ ఏడాదిదో చూసి ఎంచుకోవాలి. పీడీఎఫ్‌ను ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, ఒక కాగితం ప్రింటు కూడా దగ్గర ఉంచుకోండి. తనిఖీకి వచ్చే అధికారి (వార్డెన్) అడిగితే ఏదైనా చూపించవచ్చు.

ఇక చేప సంగతి. టైగర్ మస్కీ అంటే మస్కలంజ్ (మస్కీ) చేపకు, నార్దర్న్ పైక్ చేపకు పుట్టిన సంకర జాతి. దానికి పిల్లలు పుట్టవు. సరస్సులో ఆ రెండు రకాల చేపలు వాటంతటవే కలిస్తే పుట్టాలి, లేదా శాఖవాళ్లు పెంచి వదలాలి. అందుకే లైసెన్సు డబ్బును నేను ఖర్చు అనుకోను. 1950 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం చేపల సంరక్షణకు రాష్ట్రాలకిచ్చే నిధుల్లో 60 శాతం, లైసెన్సున్న చేపల వేటగాళ్ల సంఖ్యను బట్టే పంచుతారు. మీ ఇంట్లో తీసుకునే ప్రతి లైసెన్సూ ఆ లెక్కలోకి వస్తుంది.

రూల్స్‌లో టైగర్ మస్కీని మస్కీ కిందే లెక్కిస్తారు. 10వ నంబరు హైవేకు ఉత్తరాన మెమోరియల్ డే (మే చివరి సోమవారం) వారాంతపు శనివారం సీజన్ మొదలై డిసెంబర్ 31న ముగుస్తుంది. చాలా సరస్సుల్లో కనీసం 40 అంగుళాలుండాలి, మనిషికి రోజుకు ఒక్కటే. కొన్ని సరస్సుల్లో కొలత వేరుగా ఉంటుంది, వెళ్లేచోటి రూలు విడిగా చూడాలి. నార్దర్న్ పైక్‌కు రూల్స్ వేరు కాబట్టి గుర్తుపట్టడం నేర్చుకోండి. ముదురు ఒంటిమీద లేత మచ్చలుంటే పైక్. లేత ఒంటిమీద ముదురు నిలువు చారలుంటే మన టైగర్.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, పడవ పక్కనే నీళ్లలో ఎరను 8 అంకెలా తిప్పుతుంటే చారల చేప ఒకటి చడీచప్పుడూ లేకుండా వెనకే వచ్చి ఆగింది. కళ్లు స్పష్టంగా కనిపించాయి. అమ్మాయి ఊపిరి బిగబట్టి తిప్పుతూనే ఉంది. అది తోక ఒక్కసారి విదిలించి లోతుకు వెళ్లిపోయింది. ఆ రోజు ఏమీ పడలేదు, కానీ ఇంటికొచ్చేదాకా తను ఆ చారల గురించే మాట్లాడింది. 16 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు.

ముందొకసారి అలవాటు చేసుకుని చూద్దాం అనుకునే పెద్దవాళ్లు జూన్ మొదటి శని, ఆదివారాల్లో రండి. అది ఫ్రీ ఫిషింగ్ వీకెండ్, ఎక్కడివాళ్లకైనా లైసెన్సు అడగరు. సీజన్, కొలత, రోజుకు ఒక్కటే అన్న రూల్స్ మాత్రం ఆ రెండు రోజులూ అలాగే ఉంటాయి.