సీనియర్లు, జూనియర్లు కలిసిన ఫుట్‌బాల్ టీమ్ గాడి తప్పితే ఏం చూడాలి

ఇండియా మ్యాచ్ ఓడిన మర్నాడు నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో వినిపించేది ఒకటే మాట: "ముసలోళ్లను తీసేసి పోరగాళ్లకు ఛాన్స్ ఇయ్యాలె." పోరగాళ్లతో ఓడితే "అనుభవం ఉన్నోడు ఒక్కడన్న లేకపాయె" అంటారు. రెండుసార్లూ చూసింది పుట్టిన తేదీనే. ఊరి టీమ్ అయినా, దేశం టీమ్ అయినా, ముందు చూడాల్సింది అది కాదు.

మొట్టమొదట ఇది చూడండి

గత రెండు నెలల్లో ఆ ఆటగాడు తన క్లబ్‌కు ఎన్ని నిమిషాలు ఆడాడు? ఇంతే. కాగితం మీద రాసుకుంటే కాసేపటి పని, అయినా ఎవరూ చేయరు. 2024 యూరో (యూరప్ దేశాల కప్పు) సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద స్పెయిన్ కుడివైపు ఎవరున్నారో గుర్తు తెచ్చుకోండి. వెనక 38 ఏళ్ల హెసూస్ నవాస్, ముందు 16 ఏళ్ల లామిన్ యమాల్. ఇద్దరూ ఆ సీజన్‌లో క్లబ్ మ్యాచ్‌లు ఆడుతూ వచ్చినవాళ్లే. యమాల్ బాక్స్ (గోల్ ముందు గీసిన పెద్ద చతురస్రం) బయటి నుంచి గోల్ కొట్టాడు, స్పెయిన్ 2-1తో గెలిచింది. బెంచీ మీద కూర్చునే పాతికేళ్లవాడి కంటే వారం వారం ఆడే పెద్దాయన నయం. సగం గొడవలు ఈ లెక్క దగ్గరే తేలిపోతాయి. తేలకపోతేనే కిందికి రండి.

చివరి ఇరవై నిమిషాల్లో చేతులెత్తేస్తున్నారు

సీనియర్లందరినీ ఒకే లైన్‌లో పెట్టి ఉంటారు. మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురూ ముప్పై దాటినవాళ్లయితే ఆ మధ్యలోంచే అవతలివాళ్లు దూసుకొస్తారు. డిఫెన్స్‌లో ఒకరు, మధ్యలో ఒకరు, ముందు ఒకరు ఉండేలా పంచండి. ఇప్పుడు ఐదు సబ్‌స్టిట్యూషన్లు ఉన్నాయి, అరవయ్యో నిమిషంలోనే వాడండి. పాత కప్పు మీద గౌరవంతో టీమ్‌ను ఎంపిక చేయకండి. 2006లో ప్రపంచకప్ గెలిచిన ఇటలీ అదే కోచ్‌తో, 36 ఏళ్ల కన్నవారోతో 2010లో దిగి, ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా గ్రూప్‌లో ఆఖరున నిలిచింది.

సీనియర్లను తీసేశాక గోల్స్ ఇచ్చుకుంటున్నారు

అందరినీ ఒకేసారి పంపించారు, అదే కారణం. జర్మనీ 2019 మార్చిలో ముల్లర్, హుమెల్స్, బోటెంగ్‌లను ఒక్క దెబ్బకు పక్కన పెట్టింది. 2020 నవంబర్‌లో స్పెయిన్ చేతిలో 6-0తో ఓడింది. 2021లో యూరోకు ముల్లర్‌ను, హుమెల్స్‌ను మళ్లీ పిలవాల్సి వచ్చింది. డిఫెన్స్‌లో పోయింది కాళ్లు కాదు, "లైన్ పైకి రండి" అని అరిచే గొంతు. సీజన్‌కు ఒకరిని పంపండి, ఆ పోయేవాడి పక్కనే రేపటివాడిని ఆడించండి.

అందరూ ఫిట్‌గానే ఉన్నారు, పాస్‌లు బాగానే పడుతున్నాయి, గోల్ మాత్రం రావట్లేదు

ఇది అసలు దొంగ జబ్బు. దసరా సెలవుల టోర్నీల్లో మా టీమ్‌ను ముంచింది ఇదే. కంటికి ఆనదు, అందుకే ఇంత చెబుతున్నాను.

కుడి వింగ్‌లో కుర్రాడికి బంతి వస్తుంది. ముందు ఖాళీ ఉంది. కానీ వాడు గోల్‌కు వీపు పెట్టి బంతి తీసుకుంటాడు, తలెత్తి అన్న, అంటే టీమ్‌లో పెద్ద సీనియర్, ఎక్కడున్నాడో వెతుకుతాడు, "అన్నా, ఇగో" అని వెనక్కి ఇచ్చేస్తాడు. అప్పటికే అన్న మీద ఇద్దరు. ఆయన మళ్లీ పక్కకు ఇస్తాడు. ఈలోపు ఎదుటి టీమ్ మొత్తం సర్దుకుంటుంది. చూసేవాళ్లకు ఏ తప్పూ కనపడదు. పాస్ చేరింది, అన్న కష్టపడుతున్నాడు, పిల్లాడు బంతి పోగొట్టలేదు. ఎదుటి కోచ్‌కు మాత్రం పని తేలిక, ఒక్క మనిషిని కట్టేస్తే చాలు.

పిల్లాడు అలా ఎందుకు చేస్తాడు? తన దగ్గర బంతి పోతే తిట్లు పడతాయి, అన్న దగ్గర పోతే ఎవరూ ఏమనరు. "అన్నకియ్యిరా!" అని గట్టు మీద నుంచి అరిచేది మనమే.

పరీక్ష ఇలా చేయండి. పావుగంట ఆట ఫోన్‌లో తీయండి. జూనియర్లకు బంతి అందిన క్షణాలే చూడండి. పాదం ఎటు తిరిగింది? ఖాళీ ఉండి కూడా ఎవరికి ఇచ్చాడు? మూడింట రెండుసార్లు వెనక్కి, అదీ ఒకే మనిషికి పోతుంటే జబ్బు దొరికినట్టే.

అన్నను బెంచీ మీద కూర్చోబెడితే పోదు, ఇంకో అన్నను వెతుక్కుంటారు. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఆయన్ను ఎదుటి టీమ్‌లో ఆడించండి, కొన్ని సాయంత్రాలు వరుసగా. ఒకవైపు కార్నర్లు జూనియర్‌కే రాసిచ్చేయండి, పాడుచేసినా సరే. అన్నిటికన్నా ముఖ్యం, మాట అన్న నోటి నుంచే రావాలి: "నాకియ్యకు, తిరిగి ముందుకు పో." కోచ్ వందసార్లు చెప్పినా దిగనిది ఆయన ఒక్కసారి అంటే దిగుతుంది.

2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా మొదటి మ్యాచ్‌లోనే సౌదీ చేతిలో 2-1తో ఓడింది. తర్వాత మెక్సికో మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగిన 21 ఏళ్ల ఎంజో ఫెర్నాండెజ్‌కు 87వ నిమిషంలో మెస్సీ షార్ట్ కార్నర్ (గోల్ ముందుకు కొట్టకుండా దగ్గరివాడికి చిన్న పాస్) ఇచ్చాడు. ఎంజో దాన్ని తిరిగి మెస్సీకి ఇవ్వలేదు. బాక్స్ అంచు నుంచి దూరపు పోస్టు వైపు తిప్పి కొట్టాడు. నాకైతే ఆ టోర్నీ అక్కడే మలుపు తిరిగింది. పోలండ్‌తో మ్యాచ్‌కు ఎంజో, 22 ఏళ్ల అల్వారెజ్ మొదటి నుంచే ఆడారు. 35 ఏళ్ల మెస్సీ కూడా ఉన్నాడు.

మన దగ్గర సికింద్రాబాద్‌లో పుట్టిన ఇండియా కెప్టెన్ సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో దేశం టీమ్ నుంచి రిటైర్ అయ్యాడు. ఆ ఏడాది ఇండియాకు ఒక్క గెలుపూ లేదు. 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలిస్తే వచ్చి మాల్దీవుల మీద గోల్ కొట్టాడు. ఆయన్ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బుల్లో సెంటర్ ఫార్వర్డ్ చోట, అంటే అందరికన్నా ముందుండి గోల్ కొట్టేవాడి చోట, ఎక్కువగా విదేశీయులే ఆడుతుంటే మన పిల్లలకు ఆ చోట నిమిషాలు ఎక్కడివి? మళ్లీ మొదటి లెక్క దగ్గరికే వచ్చాం.

మిగతావి

కెప్టెన్ బ్యాండ్ గొడవ, పదో నంబర్ జెర్సీ అలక, రూముల పంపకం. అరుదు. ఉన్నా, పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడితే అయిపోతుంది.

మందు పనిచేసిందో లేదో అదే ఫోన్ వీడియో చెబుతుంది. అన్నకు బంతి అందడం తగ్గి, అందినప్పుడు ఆయన గోల్‌కు దగ్గరగా ఉంటే సరిపోయినట్టే. మొదటి వారం జూనియర్లు బంతి ఎక్కువగానే పోగొడతారు, ఆ వారం గట్టు మీద ఎవరూ నోరు విప్పకూడదు.