షార్ట్‌వేవ్ మూగబోయిందా? విప్పే ముందు చూడవలసినవి

మల్టీబ్యాండ్ రేడియో మొరాయిస్తే ముందుగా మీడియం వేవ్‌కు మార్చి, 837 కిలోహెర్ట్జ్ దగ్గర విజయవాడ కేంద్రాన్ని పట్టండి. అది శుభ్రంగా పలికితే సగం పని అయినట్టే. మామూలు సెట్లలో మీడియం వేవ్ సంకేతమైనా షార్ట్‌వేవ్ సంకేతమైనా లోపల తరంగాలు పుట్టించే ఆసిలేటర్‌తో కలిసి దాదాపు 455 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. అక్కడి నుంచి స్పీకరు దాకా అన్నిటికీ దారి ఒక్కటే. బ్యాండ్ మారిస్తే మారేవి ముందు భాగంలోని కాయిల్స్, ఆంటెన్నా మాత్రమే. అంటే లోపం ఆ కాస్త జాగాలోనో, సెల్లలోనో, లేదా ఇంట్లోనో ఆకాశంలోనో ఉంది.

మీడియం వేవ్ బాగుంది, షార్ట్‌వేవ్ మొత్తం మూగ

మీడియం వేవ్‌కు లోపలి ఫెర్రైట్ కడ్డీయే ఆంటెన్నా. షార్ట్‌వేవ్‌కు బయటికి లాగే గొట్టం కావాలి. ఆ గొట్టాన్ని వేలితో తాకండి. బుస శబ్దం కొంచెమైనా పెరగకపోతే దాని అడుగున టంకం వేసిన తీగ ఊడి ఉండవచ్చు. మళ్లీ టంకం వేస్తే సరిపోతుంది.

స్విచ్ కదిపితే వస్తుంది, వదిలితే పోతుంది

అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో నేను మొదట అనుమానించేది దీన్నే. సముద్రపు గాలిలోని ఉప్పు, వానాకాలపు తేమ కలిసి బ్యాండ్ స్విచ్ లోపలి పలుచని లోహపు పూతను నల్లబరుస్తాయి. షార్ట్‌వేవ్ సంకేతం అసలే బలహీనం, ఆ మసిని దాటలేదు. సెల్లు తీసేసి, స్విచ్ సందులో కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై ముప్ఫైసార్లు జరపండి. ఆరాక సెల్లు వేయండి. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగర వస్తే దానికీ ఇదే మందు.

కొబ్బరినూనె వేయవద్దు, దుమ్మును పట్టి ఉంచుతుంది. గరుకు కాగితంతో రుద్దవద్దు, పూత పోతే మసి ఇంకా త్వరగా పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కాయిల్స్‌లోని రంగు మరలను తిప్పవద్దు. స్విచ్ మసిని వదిలేసి ఆ మరలు తిప్పితే లేని రోగం వస్తుంది. వాటిని తిరిగి సరిచేయడానికి సిగ్నల్ జనరేటర్ ఉన్న మెకానిక్ కావాలి.

కింది బ్యాండ్లు పలుకుతాయి, 19, 16 మీటర్లు పలకవు

మీటర్ల అంకె తగ్గేకొద్దీ మెగాహెర్ట్జ్ పెరుగుతుంది. పగలు కూడా ఇవి పలకకపోతే సెల్లు నీరసించి ఉండవచ్చు. వోల్టేజి తగ్గితే ఆసిలేటర్ ముందుగా ఆగిపోయేది ఎక్కువ మెగాహెర్ట్జ్ దగ్గరే, అందుకే మీడియం వేవ్ పలుకుతూనే ఉంటుంది. కొత్త సెల్లు వేసి చూడండి. తుపానులకు అలవాటుపడ్డ ఊళ్లలో సెట్టును బీరువాలో దాచేవారు సెల్లు తీసి దాచాలి. కారిన సెల్లు స్ప్రింగులను తినేస్తాయి.

ఒకటే గుయ్యిమనే రొద

రేడియోను సెల్లతో నడుపుతూ ఇంటి మెయిన్ ఆపండి. రొద ఆగితే ఎల్‌ఈడీ బల్బులను, ఫోను ఛార్జర్లను, ఇన్వర్టర్‌ను ఒక్కొక్కటిగా వేస్తూ దొంగను పట్టుకోండి. ఆగకపోతే సెట్టు పట్టుకుని గట్టు మీదికి నడవండి. భీమవరం వైపు చెరువుల దగ్గర నీటికి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్ల వేగాన్ని నియంత్రించే పెట్టెలు కారణం కావచ్చు. పక్కవారి చెరువు ఆపించలేం కదా! ఆంటెన్నాను ఇంటికి, కరెంటు తీగలకు దూరంగా మార్చుకోవడమే మార్గం.

ఎనిమిది పది మీటర్ల తీగ చాలు. రెండు కొబ్బరిచెట్ల మధ్య కడితే బిగించకుండా వదులు ఉంచండి, గాలికి చెట్లు ఊగితే తెగుతుంది. కరెంటు తీగల కిందా పైనా కట్టవద్దు. ఉరుము వినిపించకముందే, మబ్బు పట్టగానే రేడియో నుంచి విడదీయండి. దగ్గర్లో పడిన పిడుగు చాలు, రేడియో ముందు భాగంలోని ట్రాన్సిస్టర్ కాలిపోతుంది.

పగలు 49 మీటర్లలో ఏమీ లేదు

ఇది జబ్బు కాదు. పగటిపూట, షార్ట్‌వేవ్ తరంగాలను తిప్పి పంపే పైగాలి పొరల (అయనోస్ఫియర్) లోని కింది పొర 6 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలను మింగేస్తుంది, సూర్యుడు దిగాక వదులుతుంది. పగలు 19, 16 మీటర్లు, చీకటి పడ్డాక 49, 41 మీటర్లు వెతకండి. 31 మీటర్లలో చాలా వేళల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉండడం కూడా ఆకాశం పనే.

ఒకే కేంద్రం రెండు చోట్ల

9.6 మెగాహెర్ట్జ్ కేంద్రం 8.69 దగ్గరా వినిపిస్తే అది నీడ. తేడా 910 కిలోహెర్ట్జ్, అంటే 455కు రెట్టింపు. చౌక సెట్లలో దీన్ని పూర్తిగా పోగొట్టలేం. ఆంటెన్నా పొడవు తగ్గిస్తే నీడ పలచబడుతుంది.

7.1 మెగాహెర్ట్జ్ దగ్గర బాతు గొంతు

లైసెన్సుతో సరదాగా ఒకరితో ఒకరు రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియోవారి సంభాషణ. వారు వాడే సైడ్‌బ్యాండ్ (ఎస్‌ఎస్‌బి) పద్ధతిని విప్పే సదుపాయం లేని సెట్టులో అర్థం కాదు, ఎంత తిప్పినా లాభం లేదు.